బొమ్మకు గొంతుకకు నడుమ

హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతులు జోడించి సర్దార్ వల్లభభాయి పటేలును ఎదుర్కొనుచున్న ఛాయాచిత్రమును చూడని తెలుగువాడు అరుదు. బేగంపేట విమానాశ్రయములో తీయబడిన ఆ చిత్రమును పోలీసుచర్య ముగిసిన నాటిదిగా, సంస్థానము లొంగిపోయిన ఘడియకు సాక్ష్యముగా అచ్చువేసిన పత్రికలును పుస్తకములును లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. కాని 1948 సెప్టెంబరు 18వ తేదీన ఆయుధములు దించినవాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్. దించుకొన్నవాడు మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి. పటేలు విమానము దిగుటయు, నిజాము ఎదురేగి నమస్కరించుటయు 1949 ఫిబ్రవరిలో, అనగా అయిదు మాసములు గడచిన పిమ్మట జరిగినవి. ఆ చిత్రములో కల్పన రవ్వంతయు లేదు. నిలిచినవారు వారే, జోడించిన చేతులు అవియే. అబద్ధము చేరినది దాని క్రింది పంక్తిలో. ఆ పంక్తిని చదివిన కన్ను పిదప బొమ్మలో చూచునది కూడ వేరైపోవును; అతిథికి చేసిన మర్యాద ఓడినవాని శరణాగతిగా కనబడును.

రాజకీయ విషయములను చిత్రించు డాక్యుమెంటరీల చరిత్రను, అందును మన దేశములోని వాని చరిత్రను, కొంత శ్రద్ధతో పరిశీలించినవారికి ఇదియే పెద్ద ఎత్తున గోచరించును. డాక్యుమెంటరీలలోని సత్యసంధతను గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల జనులు మొదట అడుగునది, బొమ్మ నిజముగా జరిగినదానిదా, వేషము కట్టించి తీసినదా అని. అది అడుగవలసిన ప్రశ్నయే. అయినను మన అనుభవములో అసత్యము బొమ్మ మూలమున వచ్చినదానికన్న బొమ్మపై పరచిన గొంతుక మూలమున వచ్చినది ఎక్కువ. తెరమీద కనబడిన మనుష్యులలో ఎవరిని మాటాడనిచ్చిరి, ఎవరిని మూగలను చేసిరి, ఆ మూగలైనవారి పక్షమున మాటాడినవాడెవడు, వానికి ఆ అధికార మెక్కడిది అని విచారించినగాని, ఒక చిత్రము ఎంతవరకు నమ్మదగినదో తేలదని నా నిశ్చయము.

వేషము కట్టించి తీయుట ఈ కళతో పుట్టిన అలవాటే. 1902లో ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకము జరుగక మునుపే, ఫ్రెంచి ఐంద్రజాలికుడు జార్జి మెలియే పారిసు చెంతనున్న తన స్టూడియోలో నటులను పెట్టి ఆ ఉత్సవమును చిత్రించియుంచెను. 1916 ఆగష్టులో లండనులో విడుదలయి కోట్లాది జనులు చూచిన సోమ్ యుద్ధచిత్రములో, సైనికులు కందకములోనుండి పైకెగబ్రాకి శత్రువుమీదికి పోవుచుండ కొందరు నేలకూలు ఘట్టము రణరంగమున తీసినది కాదు, వెనుకనున్న శిక్షణస్థలములో తీసినది. తక్కిన చిత్రములో అధికభాగము నిజమైన రణభూమిలోనిదే. అయినను ఈనాటికిని ఆ మహాయుద్ధమునకు గుర్తుగా పదేపదే చూపబడునది ఆ కల్పితఘట్టమే. ఇట్టి మోసములను పట్టుకొనుట సులభము గావున చరిత్రకారులు వానిని గూర్చి చాల వ్రాసిరి. నేను వానిని ఇంతటితో విడిచెదను.

మన దేశములో ఈ కళ తొలినాళ్లలోనే ప్రజాజీవితమును అంటుకొన్నది. బొంబాయిలో హరిశ్చంద్ర సఖారామ్ భట్వదేకర్ 1899లో కుస్తీపోటీని చిత్రించెను. 1901లో కేంబ్రిడ్జిలో గణితమున ప్రథమస్థానము గడించి తిరిగివచ్చిన పరాంజపేకు జరిగిన స్వాగతమును చిత్రించెను. 1905 సెప్టెంబరు 22న కలకత్తా టౌనుహాలు వద్ద వంగవిభజనమును నిరసించుచు కూడిన మహాసభను హీరాలాల్ సేన్ చిత్రించెను. అది మన దేశమున తొలి రాజకీయచిత్రమని చెప్పదగినది. 1917లో జరిగిన అగ్నిప్రమాదములో సేన్ తీసినవన్నియు దగ్ధమైపోయినవి. అవి మూగచిత్రములు. చూచినవాడు తనకు తెలిసినదానిని తాను జతచేసికొని చూచెను; చెవిలో చెప్పువాడు లేకుండెను.

మాటవచ్చిన పిమ్మట, ఆ మాటకు బాధ్యత వహించి పనిచేసినవారిలో నేను ప్రథమముగా పేర్కొనదలచినది ఏ. కె. చెట్టియారును. చెట్టినాడులోని కోటైయూరున 1911లో జన్మించిన ఈ తమిళ యాత్రికుడు, 1937 అక్టోబరు 2న, గాంధీజీ జన్మదినమున, న్యూయార్కునుండి డబ్లినుకు పోవుచున్న ఓడలో నుండగా, మహాత్ముని జీవితమునంతను చిత్రరూపమున కూర్చవలెనని సంకల్పించెను. చేతిలో ధనము లేదు, స్టూడియో లేదు. గాంధీజీ తిరిగిన దేశములలోనెల్ల తానును తిరిగి, ముప్పది సంవత్సరముల కాలములో నూర్గురివరకు ఛాయాగ్రాహకులు ఎవరికివారు తీసి మరచిపోయిన రీళ్లను వెదకివెదకి సంపాదించెను. అట్లు చేరినది 50,000 అడుగుల ఫిల్ము. అందులోనుండి ఏరి కూర్చిన చిత్రము 1940 ఆగష్టులో మద్రాసులో తమిళ వ్యాఖ్యానముతో విడుదలయ్యెను. తరువాత తెలుగు వ్యాఖ్యానముతోను వెలువడినది. యుద్ధకాలమది, ప్రభుత్వము స్వాధీనపరచుకొనునేమో యను భయముతో ఆయన తన ప్రతులను దాచియుంచవలసివచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటనే అది ఢిల్లీ పెద్దల కంటబడినది.

ఈ చిత్రము గాంధీజీపట్ల పరమభక్తితో తీసినదనుటలో సందేహము లేదు. భక్తి ఉన్నంతమాత్రమున అసత్యము ఉండునా? నేను ఉండదందును. ఒకని పక్షమున నిలువదలచినవాడు ఆ సంగతిని దాచక చెప్పి, తాను చూపుచున్న ప్రతి అడుగును ఏ దేశమున ఏ సంవత్సరమున తీసినదో విచారించి, తానేరిన బొమ్మను దాని కాలములో దానిని నిలువనిచ్చినయెడల, చూపరి ఆ భక్తిని ఒప్పుకొనవచ్చును, ఒప్పుకొనకపోవచ్చును; మోసపోయితినని మాత్రము అనలేడు. పక్షపాతరహితముగా కనబడుటకై ప్రయాసపడు చిత్రములకన్న ఇట్టి చిత్రమును నేను ఎక్కువగా విశ్వసింతును.

చెట్టియారు ఏకాకిగా పనిచేయుచున్న కాలముననే ప్రభుత్వమును ఈ కళను చేపట్టెను. 1940లో ఫిల్ము అడ్వైజరీ బోర్డు, 1943లో ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా, దానికి తోడుగా ఇండియన్ న్యూస్ పెరేడ్ అను వార్తాచిత్రము వెలసినవి. భారతరక్షణ నిబంధనలలో 44ఏ అనుదానిని చేర్చి, ప్రతి సినిమాశాలయు ప్రతి ఆటలోను ప్రభుత్వము ఆమోదించిన చిత్రములను 2,000 అడుగులవరకు తప్పక చూపవలెనని శాసించిరి. గాంధీ నెహ్రూలు కారాగారములలో ఉండగా, ఊరూర రైలుపట్టాలు లేచిపోవుచుండగా, ఆ రెండువేల అడుగులలో వినబడిన గొంతుకకు వాని ఊసే లేదు. ప్రజలకు దానిపై కలిగిన రోత కేంద్రశాసనసభకును ప్రాకి, 1946లో నిధులు నిలిచిపోయి ఆ సంస్థ మూతపడెను. దాని ఫలముగా 1947 ఆగష్టు 15న అర్ధరాత్రి జరిగిన మహోత్సవమును చిత్రించుటకు భారతప్రభుత్వమునకు తనదను చిత్రశాఖయే లేకపోయెను. ప్రైవేటువారును విదేశీయులును తీసినదే మనకు మిగిలెను.

1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడినది. విచారకరమైన విషయమేమనగా, తెల్లవారి ప్రభుత్వము యుద్ధమును నెపముగా చేసి తెచ్చిన నిర్బంధ ప్రదర్శనము స్వతంత్ర భారతములోను నిలిచిపోయెను. సినిమాశాల లైసెన్సులోనే ఆ షరతు చేరినది. చూపినందులకు యజమాని అద్దె కూడ చెల్లింపవలసియుండెను. ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ, తమిళము, తెలుగు అను అయిదు భాషలలో మొదట ఈ చిత్రములు వెలువడుచుండెను గావున, మన టూరింగు టాకీసు డేరాలలో నేలటిక్కెట్టు కొని ఇసుకలో కూర్చున్న రైతుకూలీ మొదలుకొని బాల్కనీలోని వకీలువరకు అసలు ఆటకు ముందు న్యూస్‌రీలు చూడక తప్పలేదు. బీడీ కాల్చుకొనుటకు వెలుపలికి పోయినవారు పోయిరి. ఉన్నవారు ఒక్కటే గొంతుకను, దినదినము, సంవత్సరముల తరబడి వినిరి.

ఆ గొంతుక ఎట్లు పుట్టునో చెప్పవలెను. ధర్మాధర్మ విచారమునకు మూలమంతయు అక్కడనే ఉన్నది. ఆ దినములలో బయట చిత్రించుటకు వాడు కెమెరా తిరుగునప్పుడు గరగరమని చప్పుడుచేయును. మనిషి మాటను బొమ్మతోపాటు అక్కడికక్కడే పట్టుటకు వలసిన సరంజామా బరువైనది, ఖర్చుతో కూడినది. కావున ఛాయాగ్రాహకుడు బొమ్మను మాత్రము మూగగా పట్టుకొని బొంబాయికి పంపెడివాడు. అచ్చట కూర్పు జరిగి, ఇంగ్లీషున వ్యాఖ్యానము వ్రాయబడి, దానిని తక్కిన భాషలలోనికి మార్చి, ఒక గదిలో కూర్చున్న వ్యాఖ్యాత ఆ ఊరిని కలలోనైన చూడకయే చదివెడివాడు. నాగార్జునసాగరము వంటి రాతికట్టడమును చిత్రించినప్పుడు తలపై రాతిగంప పెట్టుకొని సారువ మెట్లెక్కుచున్న స్త్రీ తెరమీద స్పష్టముగా కనబడును. ఆమె నోరు కదలుట కూడ కనబడును. పక్కదానితో ఏదియో అనుచున్నది. మనకు వినబడునది మాత్రము, జాతి పురోగమనమునకై ఆమె ఎంత ఉత్సాహముతో శ్రమించుచున్నదో అను పురుషకంఠము. ఆమెకు ఆనాటి కూలి ఎంత ముట్టెనో, మునిగిపోవు ఊళ్లలో ఏదైన ఆమెదియేనా, గంప దింపినప్పుడు ఆమె ఏమనుకొనెనో ఎవరును అడుగలేదు. అడిగినను దానిని పట్టు యంత్రము అక్కడ లేదు. బొమ్మ పూర్ణసత్యము, శ్రమ సత్యము, ఉత్సాహమను మాట ఒక్కటియే ఆమెకు తెలియకుండ ఆమె ముఖమునకు అతికింపబడినది.

ఈ పనిచేసినవారందరు వంచకులని నా అభిప్రాయము కాదు. వారిలో దేశభక్తులున్నారు, నిపుణులైన కళాకారులున్నారు. ఆనకట్టలు నిజముగా కట్టబడినవి, మశూచికి టీకాలు నిజముగా వేయబడినవి. కాని పౌరుని తెరమీదికెక్కించి, వానిని మాటాడనీయక, వానిపేర ప్రభుత్వము తన్నుతాను మెచ్చుకొనుట అలవాటైనప్పుడు, నిజములనే కూర్చియు అసత్యమును చెప్పు విద్య ఒకటి సహజముగా అలవడును. అందులో ఎవరికిని అబద్ధమాడుచున్నామను స్పృహయైన ఉండదు. ఆ స్పృహ లేకపోవుటయే నన్ను ఎక్కువగా కలవరపెట్టుచున్నది.

1960 ప్రాంతమున పాశ్చాత్యదేశములలో తేలికపాటి కెమెరాయు, దానితో జతకూడి నడచు టేపు రికార్డరును వచ్చి ఈ స్థితిని మార్చినవి. అమెరికాలో కెనెడీ, హంఫ్రీల మధ్య విస్కాన్సినులో జరిగిన ప్రాథమిక ఎన్నికను 1960లో రాబర్టు డ్రూ బృందము అభ్యర్థుల భుజములవెంట నడచి చిత్రించెను. మరుసటి సంవత్సరము ఫ్రాన్సులో జాన్ రూష్, ఎడ్గార్ మోరాన్‌లు పారిసు వీధులలో జనులను మాటాడించి తీసిన చిత్రమును ఆ జనులకే చూపి, అది సత్యముగా ఉన్నదా లేదా అని వారు వాదులాడుటను కూడ అదే చిత్రములో చేర్చిరి. తీసినవాడు తీయబడినవానికి జవాబుదారి యను ధర్మము ఒక చిత్రములో ఇంత బాహాటముగా ఆచరణకు వచ్చుట అంతకుముందు అరుదు.

ఆ గాలి మనకును సోకినది. 1965లో జాన్ భావనగరి పారిసులోని యునెస్కోనుండి ఫిల్మ్స్ డివిజనుకు తిరిగివచ్చి రెండు సంవత్సరములు ముఖ్య సలహాదారుగా ఉండెను. ఆ స్వల్పకాలములో, ప్రభుత్వశాఖ గోడలలోపలనే, వ్యాఖ్యాత గొంతు కొంత తగ్గి పౌరుని గొంతు పైకి వచ్చెను. కె. ఎస్. చారి, టి. ఏ. అబ్రహాములు 1967లో ప్రజాస్వామ్యమును గూర్చి మీరేమనుకొనుచున్నారని సామాన్యులను ముఖాముఖిగా అడిగి తీసిరి. అదే సంవత్సరము ఎస్. ఎన్. ఎస్. శాస్త్రి 1947 ఆగష్టు 15న పుట్టిన యువజనులను దేశమంతట వెదకి, ఇరువది యేండ్లు నిండిన వారిచేతనే వారి ఆశలను నిరాశలను చెప్పించెను. దేశమన్న తనకు ప్రేమయే లేదని తొణకక బెణకక చెప్పినవాడును ఆ చిత్రములో ఉన్నాడు. ప్రభుత్వధనముతో తీసి, ప్రభుత్వపు ముద్రవేసి, ఆ మాటను కోయక విడిచిపెట్టిరి. సుఖ్‌దేవ్ ఆ యేటనే దేశములోని ఒక దినమును వ్యాఖ్యానము ఒక్క ముక్కయు లేకుండ చిత్రించెను. వీరు చేసిన పని చిన్నది కాదు. చెప్పిపెట్టువాడు లేనప్పుడు చూపరి తానే ఆలోచింపవలసివచ్చును.

ఖ్వాజా అహ్మద్ అబ్బాసు వ్యవహారము దీని తరువాతిదే. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరములలోని వైభవమునకు ప్రక్కనే ఉన్న దైన్యమును చూపుచు ఆయన 1968లో నాలుగు నగరముల కథ యను చిన్న చిత్రము తీసెను. అందులో బొంబాయి వేశ్యావాటిక దృశ్యములు కొన్ని ఉన్నందున సెన్సారువారు దానిని పెద్దలకు మాత్రమే అనిరి; ఆ దృశ్యములు తీసివేసినచో అందరును చూడవచ్చుననిరి. అబ్బాసు సుప్రీముకోర్టు కెక్కెను. విచారణ నడుచుచుండగా ప్రభుత్వము దిగివచ్చి కోతలు లేకయే అనుమతిచ్చెదమన్నను, ఆయన తన చిత్రము బయటపడినది చాలునని ఊరకుండక, ముందుగా సెన్సారు చేయు అధికారమే రాజ్యాంగమునకు చెల్లునా అని పట్టుపట్టెను. 1970 సెప్టెంబరు 24న ప్రధానన్యాయమూర్తి హిదాయతుల్లా తీర్పు చెప్పుచు, సెన్సారు చెల్లునని నిలబెట్టెను, కాని దాని నియమములు అస్పష్టముగా ఉండరాదనెను. అబ్బాసు ఓడెననియే చెప్పవలెను. అయినను, చిత్రములో దైన్యము కనబడుట దేశమునకు అవమానమా, దైన్యము ఉండుటయే అవమానమా అను ప్రశ్న ఆ వ్యాజ్యముతో నిలిచిపోయినది. ఆ యేటనే ఫ్రెంచివాడైన లూయీ మాల్ మన దేశమును గూర్చి తీసిన చిత్రమాలికను బి.బి.సి. ప్రసారము చేసినందులకు ఆ సంస్థ ఢిల్లీ కార్యాలయమును మన ప్రభుత్వము మూయించినది.

1975 జూన్ 25న అత్యవసరస్థితి ప్రకటింపబడెను. డాక్యుమెంటరీకారుల ధర్మమునకు అది కఠినపరీక్ష. బంగ్లాదేశ విమోచనమును చిత్రించిన సుఖ్‌దేవ్, వ్యాఖ్యానమును విసర్జించి చూపిన సుఖ్‌దేవ్, అత్యవసరస్థితిని సమర్థించు చిత్రములు తీసెను. ఆయనకు 1979లో నలుబదియారేండ్లయైన నిండినవో లేదో, మరణించెను. ధనాశచేతనే తీసెనని నేనను సాహసము చేయజాలను. క్రమశిక్షణము వచ్చినదని, బీదలకు మేలు కలిగినదని నమ్మినవారు ఆనాడు ఎందరో ఉండిరి, ఆయనయు నమ్మియుండవచ్చును. కాని ఒక పక్షము జైలులో ఉండగా, దాని పత్రికలు సెన్సారు చేతిలో చిక్కి ఉండగా, రెండవ పక్షమును పొగడు చిత్రములో ప్రతి బొమ్మయు నిజమైనను ఆ చిత్రము నిజాయతీ గలది కాజాలదు. ఎందుకన, ఖండించువాని నోరు మూసిన పిమ్మట పలికిన మాటకు పరీక్ష లేదు. కెమెరా ముందు ప్రభుత్వమును మెచ్చుకొన్న కూలివాడు, మెచ్చుకొననియెడల ఆ రాత్రి ఇంటికి క్షేమముగా చేరునో లేదో చిత్రకారుడే హామీ ఇయ్యలేని దినములవి. మాటాడనిచ్చుట అని నేను పైన పదేపదే చెప్పుచున్నది కేవలము మైకును చేతికందించుట కాదని ఈ ఉదాహరణమువలన తెలియగలదు.

అదే కాలమున ఆనంద్ పట్వర్ధన్ అను యువకుడు బీహారులో జయప్రకాశ నారాయణుని ఉద్యమమును చిత్రించుచుండెను. 1974 నవంబరు 4న పాట్నాలో జరిగిన ప్రదర్శనమును మిత్రులతో కలసి చిన్న సూపర్-8 కెమెరాతో తీసి, ఆ బొమ్మను తెరమీద వేసి, దానిని మరల 16 మిల్లీమీటర్ల ఫిల్ముమీదికి ఎక్కించిరి. అందుచేత ఆ చిత్రములో బొమ్మ గరుకుగా, మసకగా ఉండును. ఆ గరుకుదనమే దానిని ఎవరు, ఏ సాధనసంపత్తితో తీసిరో చెప్పకయే చెప్పుచున్నది. అత్యవసరస్థితి రాగా ప్రతిని ముక్కలుగా కోసి, స్నేహితులచేత దేశము దాటించి, కెనడాలో మరల అతికిరి.

పట్వర్ధన్ చిత్రములలో నా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్నది 1985 నాటి బొంబాయి మురికివాడల చిత్రములోని ఒక ఘట్టము. మునిసిపాలిటీవారు గుడిసెలు పడగొట్టిరి. సామాను వీధిలో చెల్లాచెదరుగా పడియున్నది. ఇల్లు పోయిన స్త్రీ ఒకతె కెమెరావైపు తిరిగి, ప్రభుత్వమును తిట్టక, ఈ చిత్రము తీయుచున్నవానినే నిలదీయును. మా బొమ్మలు తీసికొనిపోయి పేరు తెచ్చుకొందువు, మాకేమి చేయుదువు అను ధోరణిలో ఆమె ఆగ్రహము సాగును. తన ఉద్దేశము మంచిదని నమ్మిన చిత్రకారునకు అంతకన్న కష్టమైన మాట ఉండదు. దానిని కూర్పుబల్లమీద కోసివేయుట ఎంత సులువు! కొన్ని అడుగుల ఫిల్ము, ఒక్క కత్తిరింపు. కోసినట్లు లోకములో ఎవరికిని తెలియదు. ఆయన కోయలేదు. ఆమెకు సమాధానముగా తన వ్యాఖ్యానమును గూడ చేర్చలేదు. చూచువాడు కూడ ఆ ప్రశ్నకు గురియగుచున్నాడు. ఆ బీదరికమును హాయిగా కుర్చీలో కూర్చుండి చూచినవాడు తానును గదా!

తెలుగువారికి ఈ చరిత్రలో సన్నిహితమైన భాగమున్నది. 1980లో బెంగుళూరున దీపా ధన్‌రాజ్ ప్రభృతులు యుగాంతర్ అను స్త్రీల చిత్రబృందమును స్థాపించిరి. పూనాలో ఇండ్లలో పనిచేయు స్త్రీలను, నిపాణిలో పొగాకు కార్ఖానాలలోని స్త్రీలను గూర్చి, ఆ స్త్రీలతోనే కూర్చుండి, ఏది చూపవలెనో వారితోనే ఆలోచించి చిత్రములు తీసిరి. 1983లో హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనతో కలసి వారు తెలుగున తీసిన చిత్రము పేరు ఇది కథ మాత్రమేనా. ఇంటిలో భర్తచేత దెబ్బలు తినుచున్న స్త్రీ వ్యథ దాని విషయము. దీనిని వారు డాక్యుమెంటరీగా తీయక, స్త్రీలు ఒకరికొకరు చెప్పుకొన్న అనుభవములనుండి అల్లిన కథగా ఆడించిరి. చెప్పుకొన్నవారి మానమర్యాదలకు భంగము రాదు. చెప్పిన సంగతికి లోపము రాదు. చూచువానికి ఇది ఆడించినదని తెలియుచునే ఉండును. సోమ్ యుద్ధచిత్రములోని వేషమునకును, ఈ వేషమునకును ఎంత దూరమున్నదో చూడుడు. అచ్చట ఆడించిన దానిని జరిగినదిగా అమ్మిరి. ఇచ్చట జరిగినదానిని కాపాడుటకై ఆడించిరి.

ఆ మరుసటి సంవత్సరమే హైదరాబాదు మండినది. 1984 ఆగష్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఎన్. టి. రామారావు మంత్రివర్గమును తొలగించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించినది మొదలు, సెప్టెంబరు 16న రామారావు తిరిగి పదవిని చేపట్టువరకు జరిగిన నాటకమును తెలుగువారు మరువలేదు. ఆ నాటకమునకు నేపథ్యముగా పాతబస్తీలో వినాయక నిమజ్జనపు రోజులలో మతకలహములు చెలరేగి, ప్రాణములు పోయి, కర్ఫ్యూలో ఇండ్లు తాళము పడుటను మాత్రము చాలమంది మరచిరి. దీపా ధన్‌రాజ్ హైదరాబాదు ఏక్తా అను పౌరసంఘముతో కలసి, నవ్రోజ్ కాంట్రాక్టరు ఛాయాగ్రహణముతో, ఈ నగరమునకు ఏమైనది అను అర్థమిచ్చు పేరుతో 1986లో తీసిన చిత్రము ఆ దినములను మనకు దక్కించినది. ఊరేగింపుల ఆర్భాటమును, ఉభయపక్షముల నాయకుల ప్రసంగములను చూపి విడువక, దినకూలిమీద బ్రతుకు సంసారములు వీధిలోనికి అడుగుపెట్టరాని స్థితిలో ఏమి తినిరి, పని పోయినవాడు అప్పునకై ఎవరివద్దకు పోయెను అని అడిగి, వారి దక్కనీలోనే వారి సమాధానములను వినిపించెను.

ఈ చిత్రములో వ్యాఖ్యానము లేకపోలేదు. నిజాముల కాలమునుండి నగరచరిత్రను, రాజకీయపక్షముల లాభనష్టములను అది నిర్మొగమాటముగా చెప్పును. కావున వ్యాఖ్యానమే పాపమని నేను చెప్పుచున్నానని పాఠకులు భావింపవలదు. ఫిల్మ్స్ డివిజను గొంతుక తెరమీది మనిషికి బదులు మాటాడెను. ఈ గొంతుక తెరమీది మనుష్యుల మాటలను విని, వానికి ముందువెనుకలను చేర్చెను. ఎవరు మాటాడుచున్నారో, ఏ పక్షమున నిలిచి మాటాడుచున్నారో చూపరికి మొదటి రీలుననే తెలియును. అంగీకరింపనివారికి అంగీకరింపకుండుటకు వలసిన సామగ్రి అంతయు ఆ చిత్రములోనే దొరకును.

తరువాతి కాలమున పోరాటము దూరదర్శనముతోను సెన్సారుతోను సాగినది. పట్వర్ధన్ తన చిత్రములను ప్రసారము చేయించుకొనుటకై పలుమారులు కోర్టులకెక్కెను. 2006 ఆగష్టులో సుప్రీముకోర్టు, చిత్రమును ముక్కముక్కలుగా విడదీసి కాక, సామాన్యుడైన చూపరి దృష్టితో సమగ్రముగా చూచి విలువకట్టవలెనని చెప్పినది. 2004లో బొంబాయి అంతర్జాతీయోత్సవములో భారతీయ చిత్రములకు సెన్సారుపత్రము ఉండితీరవలెనని నిబంధన పెట్టగా, డాక్యుమెంటరీకారులు వికల్ప్ అను పేర ప్రత్యేకముగా ఉత్సవము జరుపుకొనిరి. ఇవి చిత్రకారుల హక్కుల కథలు, చాల చెప్పబడినవి.

తక్కువగా చెప్పబడినది తెరమీద మాటాడినవారి యోగక్షేమముల కథ. 1992లో వెలువడిన రామ్ కే నామ్ చిత్రములో అయోధ్య దేవాలయమునకు కోర్టు నియమించిన అర్చకుడు లాల్‌దాస్ రాజకీయములను నిర్భయముగా ఖండించుచు మాటాడెను. ఆ మాటలు ఆయన అప్పటికే బాహాటముగా అనుచున్నవి. 1993లో ఆయన హత్య జరిగినది. చిత్రమే కారణమని నేననుట లేదు. కాని చిత్రకారుడు రీళ్లు సర్దుకొని ఊరు విడిచిపోవును, మాటాడినవాడు ఆ ఊరనే మిగిలిపోవును. కాబట్టి మాటాడనిచ్చుట ఎంత ధర్మమో, మాటాడినదానివలన రాగల ఆపదను ముందుగా వానికి విప్పిచెప్పుట, వలదన్నప్పుడు ముఖమునో పేరునో మరుగుపరచుట, చిత్రము ముగిసిన పిదపను వానిని మరువకుండుట అంతే ధర్మము. పత్రికావిలేఖరులకు, వైద్యులకు ఇట్టి విషయములలో నియమావళులున్నవి. డాక్యుమెంటరీకి ఉన్నది చిత్రకారుని అంతఃకరణ మొక్కటే. ఒకరి అంతఃకరణమును మాత్రమే నమ్ముకొని మరియొకరి ప్రాణమును పణముగా పెట్టుట నాకు సమ్మతము కాదు; చిత్రోత్సవములును, నిధులిచ్చు సంస్థలును ఈ నియమములను అడిగితీరవలెను.

2022లో ఫిల్మ్స్ డివిజను జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలసిపోయెను. దాని బొమ్మలను భద్రపరచుటను గూర్చి అందరు మాటాడుచున్నారు. బొమ్మలతోపాటు ఆ యా భాషల వ్యాఖ్యానములను కూడ భద్రపరచవలెనని నేను కోరుచున్నాను. హిందీ, ఇంగ్లీషు ప్రతులు ఉన్నవి గదా యని తెలుగు ప్రతులను ఉపేక్షించినయెడల, డేరాహాలులో ఇసుకమీద కూర్చున్న మన తాతముత్తాతలకు ప్రభుత్వము ఏమి చెప్పెనో, ఆ గంప మోసిన స్త్రీ ముఖమునకు ఏ తెలుగుమాట అతికించెనో పరీక్షించుటకు ఆధారమే ఉండదు; గొంతుక పోయి బొమ్మ మిగిలినచో, రేపటివాడు ఆ బొమ్మ క్రింద మరియొక పంక్తి వ్రాసికొనవచ్చును. మొదట 1948కిని 1960కిని నడుమ వెలువడిన తెలుగు వార్తాచిత్రములను ఏ విశ్వవిద్యాలయమైనను చేపట్టి, వ్యాఖ్యానపాఠములను అక్షరబద్ధము చేసి, ప్రతి దృశ్యమునకు ఎదుట చిత్రించిన స్థలమును, తేదీని, తెలిసినంతవరకు ఛాయాగ్రాహకుని పేరును చేర్చి పట్టికగా ప్రకటింపవలెను.